మొదటి కెమెరా ఏది మేలు? ముందు రెండో లెన్స్ సంగతి తేల్చుకోండి

“తక్కువలో లెన్స్ మార్చుకునే కెమెరా ఒకటి కొనాలి. సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ తీసుకోనా, కొత్త మిర్రర్‌లెస్ తీసుకోనా?” నేను ఫొటోలు తీస్తానని తెలిసిన వాళ్లంతా అడిగేది ఇదే. డీఎస్ఎల్ఆర్‌లో లోపలి అద్దం దృశ్యాన్ని మనం కన్ను ఆనించే వ్యూఫైండర్‌కు పంపుతుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం ఉండదు, వెలుతురును ఫొటోగా మార్చే సెన్సర్ చూసేదే తెర మీద కనబడుతుంది. ఇన్నాళ్లూ ఎవరికి తగ్గట్టు వాళ్లకు ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. ఈ మధ్య మా మేనకోడలికి కెమెరా కొనిపెట్టే పని నా మీద పడింది. అప్పుడు కూర్చుని లెక్కలు వేసుకుంటే ఒక విషయం బాగా స్పష్టమైంది. బాడీల (లెన్స్ లేని కెమెరాల) గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం గానీ, ఫొటోలో తేడా తెచ్చేది ఆ బాడీకి మీరు కొనగలిగే రెండో లెన్స్.

బాడీతో పాటు వచ్చే 18-55 ఎంఎం జూమ్ కిట్ లెన్స్‌కు పగటి వెలుతురులో వంక పెట్టాల్సిన పని లేదు. చిక్కంతా ఇంట్లోనే, సాయంత్రం పూటే. మా మేనకోడలు నా పాత కెమెరా తీసుకుని తన ఏడాది బాబును ఫొటో తీస్తోంది. గదిలో ఒకటే దీపం. ముఖం దగ్గరగా కనబడాలని జూమ్ 55కి తిప్పింది. అక్కడ ఆ లెన్స్ ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) 3200 పెట్టినా షట్టర్ స్పీడ్ 1/20 సెకను దగ్గరే ఆగిపోయింది. బాబు నవ్వుతూ తల తిప్పాడు. ఫొటోలో కళ్లుండాల్సిన చోట రెండు మసక గీతలున్నాయి. “మామయ్యా, దీనికంటే నా ఫోనే నయం కదా” అంది. ఆ ఫొటో వరకు ఆమె మాట నిజమే.

వెంటనే 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ బిగించి ఇచ్చాను. 5.6 నుంచి 1.8కి వస్తే లోపలికి వచ్చే వెలుతురు దాదాపు 10 రెట్లు పెరుగుతుంది. అదే గది, అదే దీపం, అదే ఐఎస్ఓ. షట్టర్ 1/200కి చేరింది. రెండడుగులు ముందుకు జరిగి తీసింది. బాబు కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడ్డాయి, వెనక గోడ మెత్తగా కరిగిపోయింది. బాడీ మాత్రం అదే. కిట్ లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా అని కొందరు అంటారు. అది మన చేతి వణుకును ఆపుతుంది, పిల్లాడి కదలికను ఆపలేదు.

అందుకే మొత్తం డబ్బు బాడీ మీదే పెట్టేసి, “లెన్స్ తర్వాత చూద్దాంలే” అనుకోవడం నాకు అస్సలు నచ్చదు. ఆ తర్వాత అనేది చాలామందికి రాదు. కిట్ లెన్స్‌తో ఆరు నెలలు తీసి, ఫోన్ కంటే బాగా రావడం లేదని బీరువాలో పెట్టేసిన కెమెరాలు నాకు తెలిసినవే నాలుగైదున్నాయి.

ఈ లెక్కన చూస్తే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ ముందుంటుంది. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే అమరిక) 1959 నుంచి, కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచి ఉన్నాయి. ఇన్నేళ్లలో అమ్ముడుపోయిన లెన్స్‌లు చేతులు మారుతూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి బాగున్నవి తక్కువకే దొరుకుతాయి. కొత్త మిర్రర్‌లెస్ ఒక్క కిట్ లెన్స్‌తో వచ్చే డబ్బుకు పాత డీఎస్ఎల్ఆర్ బాడీ, కిట్ లెన్స్, దాంతో పాటు ఒక ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) కూడా వచ్చే అవకాశం ఎక్కువ. ఫొటో నాణ్యత పడిపోతుందేమోనని టెన్షన్ అక్కర్లేదు. 2016లో వచ్చిన నికాన్ డి5600లోనూ 24 మెగాపిక్సెళ్లే, 2023లో వచ్చిన కెనాన్ ఆర్50లోనూ 24 మెగాపిక్సెళ్లే. రెండూ ఏపీఎస్-సీ సెన్సర్లే, అంటే పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్నవి. ఒకే లెన్స్ స్థాయిలో, ఒకే వెలుతురులో తీసి ప్రింట్ వేస్తే ఏది దేనితో తీశారో చెప్పడం కష్టం.

డీఎస్ఎల్ఆర్‌లలో కెనానా, నికానా అంటే, ఇంట్లో మనుషుల్ని తీసేవాళ్లకు నేను నికాన్ వైపే మొగ్గుతాను. కారణం ఒకే ఒక్క లెన్స్: 2009లో వచ్చిన డీఎక్స్ (నికాన్ ఏపీఎస్-సీకి పెట్టుకున్న పేరు) 35 ఎంఎం ఎఫ్ 1.8. సెన్సర్ చిన్నది కాబట్టి ఏపీఎస్-సీ మీద అది ఫిల్మ్ లెక్కలో దాదాపు 52 ఎంఎం చూపునిస్తుంది. గదిలో కూర్చున్న మనిషిని కూర్చున్నచోటి నుంచే తీయొచ్చు. కెనాన్‌లో అంత చవకైన వెలుతురు లెన్స్ అంటే 50 ఎంఎం ఎఫ్ 1.8. బరువు 160 గ్రాములే, నిజంగా మంచి లెన్స్. కానీ కెనాన్ ఏపీఎస్-సీ మీద అది 80 ఎంఎం అయిపోతుంది. చిన్న గదిలో ఇద్దరిని ఫ్రేమ్‌లో పెట్టాలంటే వీపు గోడకు ఆనుతుంది. ఆరుబయట పోర్ట్రెయిట్లు ఎక్కువ తీసేవాళ్లకైతే అదే 50 ప్రాణం. వాళ్లు నిశ్చింతగా కెనాన్ తీసుకోవచ్చు. పైగా 200డి లాంటి బాడీల్లో స్క్రీన్ మీద చూస్తూ తీసినా ఆటోఫోకస్ చురుగ్గా ఉంటుంది. ఆ పని నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో నెమ్మది.

నికాన్ తీసుకునేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. డి3000, డి5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. చవగ్గా వచ్చిందని పాత 50 ఎంఎం 1.8డి కొంటే ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ (లెన్స్ లోపలే మోటార్ ఉందనే గుర్తు) అని ఉందో లేదో చూసి కొనండి.

“కంపెనీలు డీఎస్ఎల్ఆర్‌లు వదిలేశాయి కదా, ఇప్పుడు కొంటే డబ్బు వృథా కాదా?” అన్నది దీని వెనకే వచ్చే ప్రశ్న. కెనాన్, నికాన్ నుంచి కొత్త మోడళ్లు రావడం లేదన్నది నిజం. కానీ లెన్స్ మీద పెట్టిన డబ్బు పోదు. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ ఏఎఫ్-ఎస్ లెన్స్‌లూ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ జెడ్ బాడీల మీద అంతే. రేపు మిర్రర్‌లెస్‌కు మారినా అవి మీతోనే వస్తాయి.

ఇక మిర్రర్‌లెస్ వైపు న్యాయం ఏమిటంటే, మూడు విషయాల్లో అది స్పష్టంగా మేలు. ఫొటో ఎంత వెలుతురుతో వస్తుందో తీయకముందే కనబడుతుంది. మనిషి కంటిని వెతికి పట్టుకునే ఫోకస్ ఉంటుంది. వీడియో హాయిగా తీయొచ్చు. పరిగెత్తే పిల్లల్ని 1.8 దగ్గర తీసేటప్పుడు కంటి ఫోకస్ చాలా సాయం చేస్తుంది, కాదనను. బ్యాటరీ మాత్రం లెక్కలోకి తీసుకోండి. సిపా (జపాన్ కెమెరా కంపెనీల సంఘం) కొలత ప్రకారం నికాన్ డి3500 ఒక చార్జింగ్‌తో 1550 ఫొటోలు తీస్తుంది. మిర్రర్‌లెస్ జెడ్30కి ఆ అంకె 330. అంటే రెండో బ్యాటరీ ఖర్చూ కలుపుకోవాలి.

మిర్రర్‌లెస్ తీసుకోవాలనే అనుకుంటే అక్కడా రెండో లెన్స్ సూత్రమే వాడండి. అలా చూస్తే తక్కువ డబ్బుకు సోనీ ఈ మౌంట్ మేలు. 2010లో మొదలైంది, మరుసటి ఏడాదే దాని ప్రాథమిక వివరాలను ఇతర లెన్స్ కంపెనీలకు తెరిచారు. అందుకే సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4 లాంటివి పాతవీ కొత్తవీ దండిగా ఉన్నాయి. 2014 నాటి సోనీ ఏ6000 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా నేటికీ మంచి ఫొటోలు ఇస్తుంది. వీడియోయే ముఖ్యమైతే సోనీదే జెడ్‌వీ-ఈ10. కానీ దానికి వ్యూఫైండర్ లేదు, మిట్ట మధ్యాహ్నం ఎండలో స్క్రీన్ చూసి తీయడం ఇబ్బంది. నికాన్ జెడ్‌లో 24 ఎంఎం ఎఫ్ 1.7 వచ్చాక పరిస్థితి మెరుగైంది. కెనాన్ ఆర్50 చేతిలో చక్కగా ఒదుగుతుంది, ఫోకస్ అద్భుతం. కానీ ఆర్ఎఫ్ మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్స్‌లు 2024లో గానీ రాలేదు, సెకండ్ హ్యాండ్‌లో ఇంకా పలచగానే ఉన్నాయి. కెనాన్ ఆర్100 వద్దు. టచ్‌స్క్రీన్ కూడా లేదు.

ఫ్యూజీ రంగులు నాకిష్టం, మొదటి కెమెరా బడ్జెట్‌కు లెన్స్‌లు బరువు. మైక్రో ఫోర్ థర్డ్స్ (ఒలింపస్, పానసోనిక్ కెమెరాల వ్యవస్థ) ప్రయాణాలకు తేలిక, సెన్సర్ ఏపీఎస్-సీ కంటే చిన్నది. పెంటాక్స్ గట్టిది, దొరకడమే తక్కువ. కెనాన్ తొలి మిర్రర్‌లెస్ మౌంట్ ఈఎఫ్-ఎం మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ఆలోచించండి. ఆ మౌంట్‌ను కంపెనీ ఆపేసింది, ఆ లెన్స్‌లు ఆర్ఎఫ్ బాడీలకు ఎక్కవు.

చివరికి మా మేనకోడలికి సెకండ్ హ్యాండ్ డి5600, 35 ఎంఎం ఎఫ్ 1.8 తీసుకున్నాం. వీడియో కావాలని అడిగి ఉంటే ఏ6000 దగ్గరో జెడ్‌వీ-ఈ10 దగ్గరో ఆగేవాళ్లం. తనకు కావాల్సింది ఫొటోలే.

సెకండ్ హ్యాండ్ బాడీ అయితే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫొటోల సంఖ్య) అడగండి. ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడను ఒక ఫొటో తీయండి, సెన్సర్ మీద మరకలుంటే అందులో నల్ల చుక్కలై బయటపడతాయి. లెన్స్ విషయంలో ఇంకాస్త ఓపిక పట్టాలి. రెండు మూతలూ తీసి, ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చ్‌ను ఒక పక్క నుంచి ఏటవాలుగా వేసి లోపలికి చూడండి. దుమ్ము రేణువులు నాలుగు కనబడితే ఫర్వాలేదు. సాలెగూడు దారాల్లాంటివి అంచుల నుంచి లోపలికి పాకుతుంటే అది ఫంగస్, ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోకండి. మేం చూసిన మొదటి 35 ఎంఎంలో అవే కనబడ్డాయి. తిరిగి ఇచ్చేసి, ఇంకోటి దొరికేదాకా వారం ఆగాం.