గుడ్డ టాపా, రేకు టాపా: తిరుపతిలో ఏది మేలు?

నాది మీట నొక్కితే టాపు తెరుచుకునే కన్వర్టిబుల్ కారు. ఎక్కడ ఆపినా ముందు అడిగేది టాపు గురించే. "అన్నా, ఇంత డబ్బు పెట్టి గుడ్డ టాపు కారేంది? మన ఎండకు చీకిపోదా?" అని. ఎయిర్ బైపాస్ రోడ్డులో టీ తాగుతుంటే అడిగారు, కాణిపాకంలో బండి పూజకు పోతే అడిగారు. చిత్తూరులో ఉండే మా పెదనాన్న కొడుకైతే ఫోన్ చేసిన ప్రతిసారీ "ఏరా, రేకు టాపుది తీసుకుని ఉంటే సరిపోయేది కదా" అంటూ మొదలుపెడతాడు. కొనకముందు మూడు నెలలు నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను. ఇప్పుడు ఈ బండితో ఎండా చూశాను, వానా చూశాను కాబట్టి నాకు అర్థమైంది రాస్తున్నాను.

అప్పుడు నా ముందు రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి బెంగళూరులో చూసిన సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ జెడ్4, 2009లో మొదలైన పాత తరంది. దానికి రెండు ముక్కల అల్యూమినియం టాపు. మీట నొక్కితే 20 సెకన్లలో మడుచుకుని డిక్కీలోకి పోతుంది. రెండోది కొత్త జెడ్4 ఎం40ఐ, అందులోనూ 2025 ఏప్రిల్‌లో కొద్ది బండ్లే తెచ్చిన ప్యూర్ ఇంపల్స్ ఎడిషన్. దీనికి గుడ్డ టాపు. ఆటోమేటిక్ 96.90 లక్షలు, ఆరు గేర్ల మాన్యువల్ 97.90 లక్షలు, రెండూ అప్పటి ఎక్స్ షోరూమ్ ధరలు. నేను మాన్యువల్ తీసుకున్నాను. పాతదాని ధర ఇందులో సగం కూడా లేదు. డబ్బే లెక్క అయితే ఇక పోల్చడానికి ఏమీ లేదు, పాతదే మేలు. కాబట్టి ధర పక్కన పెట్టి టాపు సంగతే చెప్తాను.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ బండిలో 3 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, 340 హార్స్‌పవర్ ఉంది. మాన్యువల్‌లో గంటకు వంద కిలోమీటర్ల వేగానికి చేరడానికి 4.6 సెకన్లు. మన వైపు దాన్ని ఎక్కడ వాడతాం? తిరుమల ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని నిబంధన. అంతకంటే ముందే చేరితే చెక్‌పోస్టులో పట్టుకుంటారు. అలా చేయడం న్యాయమే, అది భక్తులు తిరిగే దారి. పుత్తూరు మీదుగా చెన్నై దారిలో లారీలు, పల్లె పల్లెకీ స్పీడ్ బ్రేకర్లు. కాబట్టి ఇక్కడ ఇలాంటి కారు ఉన్న మనిషికి రోజూ అందే సుఖం వేగం కాదు. టాపు తెరుచుకుని నలభై, యాభైలో పోవడం. చంద్రగిరి దాటాక తెల్లవారుజామున రంగంపేట వైపు తిరిగితే అడవి వాసన, తడి మట్టి వాసన నేరుగా మొహానికి తగులుతాయి. ఆ సుఖానికే నేను డబ్బు పెట్టాను.

అందుకే నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: ఏ టాపు అయితే ఎక్కువసార్లు తెరుస్తాం?

ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ మన వాతావరణంలో ఇదే అసలు సంగతి. మార్చి నుంచి జూన్ దాకా పగలు టాపు తెరిచే ప్రశ్నే లేదు. పొద్దున ఏడున్నర లోపు, లేదంటే చీకటి పడ్డాక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. కపిలతీర్థం దగ్గర ఎండగా ఉంటుంది, అలిపిరి చేరేసరికి చినుకులు పడతాయి. అంటే మనకు దొరికేవి పొడుగాటి రోజులు కావు, మధ్యమధ్యలో అరగంట, గంట. ఆ అరగంటను వదులుకోకుండా పట్టుకోవాలంటే టాపు గబుక్కున తెరుచుకోవాలి, గబుక్కున మూసుకోవాలి, అందుకోసం బండి పక్కకు తీసి ఆపే పని ఉండకూడదు.

నా బండి టాపు 10 సెకన్లలో తెరుచుకుంటుంది, గంటకు 50 కిలోమీటర్ల వేగం దాకా కదులుతూనే పని చేస్తుంది. కొన్నప్పటి నుంచి టాపు తీసిన రోజులు నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. ఎనిమిది నెలల్లో 94 రోజులు. అందులో అరవైకి పైగా ముందుగా అనుకుని తీసినవి కావు. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వస్తూ, గాలి చల్లబడిందని తీసినవే. మాది మామిడి గుజ్జు వ్యాపారం, సీజన్‌లో ఊపిరాడదు. ఆ నెలల్లో కారు తీసుకుని ఎక్కడికో పోయే తీరిక ఉండదు. రేణిగుంట రోడ్డు మీద దొరికే ఆ ఇరవై నిమిషాలే నాకు మిగిలేది. 20 సెకన్లు పట్టే టాపుతో అదే పని చేసేవాణ్ణా? కొన్నిసార్లు చేసేవాణ్ణేమో, అరవైసార్లు మాత్రం కాదు.

డిక్కీ సంగతి దీనికి జతగా చూడాలి. పాత తరం జెడ్4 డిక్కీ టాపు మూసి ఉంటే 310 లీటర్లు, తెరిస్తే 180 లీటర్లే. మడిచిన రేకులన్నీ అక్కడికే వచ్చి కూర్చుంటాయి. మెర్సిడెస్ వాళ్ల ఎస్ఎల్‌సీలోనూ అంతే, 335 నుంచి 225కు పడిపోతుంది. గుడ్డ టాపు కొత్త జెడ్4 డిక్కీ టాపు తెరిచినా మూసినా 281 లీటర్లే. కాగితం మీద చూస్తే రేకు టాపుదే పెద్ద డిక్కీ. వాడేటప్పుడు అది తిరగబడుతుంది. నేనూ నా భార్యా హార్స్‌లీ హిల్స్‌లో ఒక రాత్రి ఉండడానికి పోయాం. రెండు సంచులు, ఒక చలి కోట్ల మూట, దారిలో మదనపల్లెలో ఆవిడ కొన్న టమాటాల బుట్ట. అన్నీ డిక్కీలో పట్టాయి, కొండ ఎక్కేంతసేపూ టాపు తెరిచే ఉంది. రేకు టాపు అయితే సామానో, ఆకాశమో, ఏదో ఒకటి ఎంచుకోవాలి. సామాను ఉన్న ప్రయాణమంటే దూర ప్రయాణమే కదా, టాపు తెరవాలనిపించేదీ అప్పుడే.

రేకు టాపు మీద నాకు భయం పుట్టింది మాత్రం మరో చోట. నా స్నేహితుడికి ఒక రేకు టాపు కారు ఉండేది. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు, పాత బండి కూడా. బాకరాపేట ఘాట్‌లో చినుకులు మొదలయ్యాయని ఆపి టాపు మూయబోతే, అది సగంలో ఆగిపోయింది. డిక్కీ మూత వెనక్కి లేచి ఉంది, రేకులు గాల్లో నిలబడ్డాయి. ముందు సంచి అడ్డమేమో అనుకుని సామానంతా తీసేశాం. తర్వాత తెలిసింది, హైడ్రాలిక్ ఆయిల్ కారిపోయి ఒత్తిడి రావడం లేదని. గంటన్నర తడిసి, చివరికి టార్పాలిన్ కప్పి, లారీ మీద బెంగళూరుకు పంపాం. గుడ్డ టాపుకూ మోటారు ఉంటుంది, అదీ చెడిపోవచ్చు. కానీ మోయాల్సిన బరువు తక్కువ, బిగించాల్సిన కీళ్లు తక్కువ. రేకు ముక్కల మధ్య రబ్బరు పట్టీలు మన ఎండకు గట్టిపడి కిర్రుమంటాయి, ఆ తర్వాత నీళ్లు దిగుతాయి. ఇలాంటి పనులకు తిరుపతిలో చేయి పెట్టేవాళ్లు లేరు, చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే.

రేకు టాపు గెలిచే చోట్లు లేవని అనను. కోతులు మొదటిది. తిరుమల మీదా కపిలతీర్థం దగ్గరా కోతి టాపు మీద దూకితే రేకుకు గీత పడుతుంది, గుడ్డకు చిరుగు పడొచ్చు. అక్కడికి పోయే రోజు నేను ఈ బండి తీయను, ఇంట్లో మామూలు కారు ఉంది. మీకు ఉన్నది ఇదొక్క కారే అయితే, నెలకు రెండుసార్లు కొండకు పోయే అలవాటు ఉంటే, ఈ ఒక్క కారణం చాలు రేకు టాపు వైపు మొగ్గడానికి. రెండోది చప్పుడు. టాపు మూసుకుని హైవే మీద లారీ పక్కన పోతే గుడ్డలోంచి టైర్ల హోరు వినిపిస్తుంది, రేకులో అంత ఉండదు. ఎండ గురించి మాత్రం జనం అనుకున్నంత తేడా లేదు. ఇప్పటి గుడ్డ టాపు ఒక్క పొర కాదు, లోపల వేడినీ చప్పుడునూ ఆపే పొరలు ఉంటాయి. మే నెలలో ఫ్యాక్టరీ ఆవరణలో రెండు గంటలు ఎండలో నిలిపినా, ఏసీ వేశాక మా ఇంటి మామూలు కారు ఎంతలో చల్లబడుతుందో ఇదీ అంతలోనే చల్లబడుతుంది. మండేవి సీట్లు. వాటి మీద తడిపి పిండిన తుండుగుడ్డ పరుస్తాను.

బండి తయారుచేసేవాళ్లు ఏమి తేల్చుకున్నారో కూడా చూడండి. 1996లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కే వచ్చాక రేకు టాపు అంటే అందరికీ మోజు. 2001 మెర్సిడెస్ ఎస్ఎల్‌కూ 2008 ఫెరారీ కాలిఫోర్నియాకూ అదే పెట్టారు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. జెడ్4 2018లో గుడ్డకు మారింది, బీఎండబ్ల్యూ 4 సిరీస్ 2020లో, మెర్సిడెస్ ఎస్ఎల్ 2021లో, ఫెరారీ 2023లో రోమా స్పైడర్‌తో. పైన బరువు తగ్గితే మలుపుల్లో బండి ఒరగడం తగ్గుతుంది, వెనక భాగం గీత కూడా అందంగా కుదురుతుంది. రేకులు దాచుకోవాల్సిన బండ్లకు వెనక భాగం ఎత్తుగా, బరువుగా ఉంటుంది. ఇది నా కంటికి కనిపించిన మాట, మీకు వేరేగా అనిపించవచ్చు.

ఇక లిమిటెడ్ ఎడిషన్ కావడం టాపు విషయంలో ఏమైనా మారుస్తుందా? చాలా మారుస్తుంది, దీన్ని ఎవరూ అడగరు. నా బండి రంగు ఫ్రోజెన్ డీప్ గ్రీన్, అంటే మెరుపు లేని మ్యాట్ పెయింట్. ఈ పెయింట్‌కు గీత పడితే పాలిష్ చేసి పోగొట్టలేం, పాలిష్ చేస్తే అక్కడ మెరుస్తుంది. ఆ భాగం మొత్తం మళ్లీ వేయించాలి, పక్క భాగంతో కలవాలి. ఇదే రంగులో రేకు టాపు ఉందనుకోండి, పైన కొబ్బరి మట్ట పడినా, మామిడి జిగురు కారినా టెన్షనే. గుడ్డ నల్లగా, వేరుగా ఉంది. పాడైతే గుడ్డ మార్పించుకోవచ్చు, రంగు కలిపే బాధ లేదు. కాణిపాకంలో పూజ చేయించేటప్పుడు "స్వామీ, పసుపు కుంకుమ అద్దం మీద పెట్టండి, రంగుకు మరక పడుతుంది" అంటే ఆయన వెంటనే "అట్లే కానీ నాయనా" అని అద్దానికే బొట్లు పెట్టారు. తుడిచి, టాపుకూ బానెట్‌కూ ఏమీ కాకుండా ఇంటికి తెచ్చుకున్నాను.

ఎడిషన్ అన్న పేరుకు అదనంగా డబ్బు ఇవ్వొద్దు, నడిపే తీరు మారితేనే ఇవ్వండి. నాకు మాన్యువల్ గేర్లు కావాలి, అవి ఇందులోనే దొరికాయి. మొగిలి ఘాట్ దిగుతూ రెండో గేర్‌లో ఇంజన్ పట్టు మీద బండి నిలబడుతుంటే, టాపు తెరిచి ఉన్నందున ఆ శబ్దం నేరుగా చెవికి వస్తుంది. అమ్మకానికి ధర వస్తుందని షెడ్డులో దాచేవాళ్ల పద్ధతి వాళ్లది. నేను 7 వేల కిలోమీటర్లు తిప్పాను, ఇంకా తిప్పుతాను.

మిగతావి క్లుప్తంగా. మినీ కన్వర్టిబుల్ కూడా గుడ్డ టాపే, నాలుగు సీట్లు, పిల్లలున్నవాళ్లకు మంచిది. 2020లో దాని సైడ్‌వాక్ ఎడిషన్ మన దేశానికి 15 బండ్లే వచ్చాయి, అది 18 సెకన్లలో, 30 వేగం దాకా తెరుచుకుంటుంది. మాజ్డా ఎంఎక్స్-5 మన దగ్గర అమ్మరు, దిగుమతి బండి చూసి ఆశపడొద్దు. థార్ సాఫ్ట్ టాప్ వేరే జాతి బండి, దీనితో పోల్చలేం. సన్‌రూఫ్ సరిపోదా అని అడిగేవాళ్లు ఒకసారి నా పక్క సీట్లో కూర్చోండి.

గుడ్డ టాపు తీసుకుంటే పాటించాల్సింది తడి విషయంలోనే. తడి గుడ్డను మడిచి లోపల పెడితే రెండు రోజుల్లో బూజు వాసన మొదలవుతుంది. నవంబరులో వారం రోజులు ముసురు పట్టినప్పుడు నేను షెడ్డులో టాపు మూసే ఉంచి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను. వాటర్ వాష్‌లో ప్రెషర్ గన్ టాపు మీదకు తిప్పనివ్వకండి. మెత్తని బ్రష్, మామూలు నీళ్లు చాలు, ఏడాదికి రెండుసార్లు గుడ్డకు నీళ్లు అంటకుండా కొట్టే స్ప్రే. మామిడి చెట్టు కింద అస్సలు ఆపొద్దు. మా తోటలో నేను బండి పెట్టేది ఎండలోనే.