టర్బోరెపో: బిల్డ్ ఎగ్గొట్టడంలో దిట్టే, .ఎన్వ్ ఫైలే దానికి కనబడదు

ఒకే రెపోలో చాలా జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు ఉన్నప్పుడు, మార్పు లేని ప్యాకేజీని మళ్లీ బిల్డ్ చేయకుండా పాత ఫలితాన్నే క్యాష్‌లోంచి తెచ్చుకోవడానికే టర్బోరెపో అనే బిల్డ్ టూల్‌ను పెట్టుకుంటాం. ఆ పని బాగానే చేస్తుంది. పేచీ అంతా "మార్పు లేదు" అని దేన్ని చూసి తేల్చుకుంటుందన్న దగ్గరే. ఇన్నాళ్ల వాడకం తర్వాత దాని మీద నాకు మిగిలిన గుర్రు ఒక్కటే, .ఎన్వ్ ఫైలు, అంటే ఏపీఐ చిరునామాల లాంటి సెట్టింగులు ఉండే ఫైలు.

విడిగా ఏమీ చెప్పకపోతే గిట్‌ఇగ్నోర్‌లో ఉన్న ఫైళ్లను (గిట్ పట్టించుకోనివాటిని) టర్బో హ్యాష్ లెక్కలో, అంటే ఫైళ్లలోంచి తీసే వేలిముద్ర లాంటి గుర్తులో, కలపదు. .ఎన్వ్ ఉండేది సరిగ్గా అక్కడే. పైగా ఆ ఫైలును టర్బో చదవదు, వెబ్ యాప్‌ను బిల్డ్ చేసే వీట్ చదువుతుంది. ఇక సీఐలో, అంటే కమిట్లను తనంతట తానే బిల్డ్ చేసే సర్వర్‌లో, ఏం జరుగుతుందో చూడండి. స్టేజింగ్ (విడుదలకు ముందు పరీక్షించే సైటు) జాబ్ సీక్రెట్లలోంచి విలువలు తీసి .ఎన్వ్ రాస్తుంది, బిల్డ్ అవుతుంది, ఫలితం అన్ని మెషీన్లూ పంచుకునే రిమోట్ క్యాష్‌కు చేరుతుంది. అదే కమిట్ మీద ప్రొడక్షన్ జాబ్ వేరే విలువలతో .ఎన్వ్ రాస్తుంది. హ్యాష్ మాత్రం మారదు. టర్బో స్టేజింగ్ బిల్డ్ ఫలితం ఉన్న డిస్ట్ ఫోల్డర్‌నే తెచ్చి పెట్టి, పాత లాగ్ మళ్లీ వినిపించి, చివర "ఫుల్ టర్బో" అని మురిసిపోతుంది. లాగ్‌లో "క్యాష్ హిట్" అన్న ఒక్క మాట తప్ప అనుమానించడానికి ఏమీ ఉండదు. ప్రొడక్షన్ సైటు హాయిగా స్టేజింగ్ ఏపీఐని పిలుస్తూ కూర్చుంటుంది.

మందు చిన్నదే. టర్బో సెట్టింగుల ఫైలు టర్బో.జేసన్‌లో బిల్డ్ టాస్క్‌కు ఇన్‌పుట్స్ కింద "$టర్బో_డిఫాల్ట్$", ".ఎన్వ్*" అని రెండూ రాయాలి. మొదటిది మరిచి రెండోదే రాస్తే మామూలుగా చూసే సోర్స్ ఫైళ్లన్నీ లెక్కలోంచి పోతాయి, అది ఇంకా పెద్ద తంటా. "ఎస్ఆర్‌సీ/**" ఒక్కటే రాసినా అంతే, వీట్ కాన్ఫిగ్ మార్చినా బిల్డ్ కదలదు. రెపో మూలంలో ఉన్న .ఎన్వ్‌ను గ్లోబల్‌డిపెండెన్సీస్‌లో (అన్ని ప్యాకేజీల హ్యాష్‌లోకీ వచ్చే ఫైళ్ల జాబితాలో) పెట్టాలి, అయితే అలా పెట్టాక అది మారిన ప్రతిసారీ అన్ని ప్యాకేజీల క్యాష్ పోతుంది. సరిపోయిందో లేదో చూడటానికి టర్బో రన్ బిల్డ్‌కు --డ్రై=జేసన్ తగిలించి, ఇన్‌పుట్స్ జాబితాలో .ఎన్వ్ పేరు వెతకండి. బిల్డ్ నడవకుండానే తేలిపోతుంది. ఇప్పటికే పాడైన క్యాష్‌కైతే --ఫోర్స్ ఉండనే ఉంది, ఉన్నదాన్ని పక్కనపెట్టి కొత్తగా బిల్డ్ చేసి రాస్తుంది.

2024లో 2.0 వచ్చి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్ అయ్యాక ఈ బాధ తీరిందని చాలామంది అనుకుంటారు. అది మంచి మార్పే. టర్బో.జేసన్‌లోని ఎన్వ్ జాబితాలో లేని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ టాస్క్‌కు అందదు కాబట్టి తప్పు బిల్డ్ నిశ్శబ్దంగా బయటికి పోయే బదులు చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. అయితే ఆ కాపలా షెల్ వేరియబుల్స్‌కే. ఫైలును వీట్ తనంతట తాను తెరుస్తుంటే స్ట్రిక్ట్ మోడ్ చేయగలిగింది లేదు. వీట్_తో మొదలయ్యే పేర్లను టర్బో తనే గుర్తుపడుతుందన్న మాటా నిజమే, వీట్ మీద ఆధారపడిన ప్యాకేజీలో మాత్రమే. కాన్ఫిగ్ విలువలను వేరే షేర్డ్ ప్యాకేజీలో చదువుతుంటే అక్కడ పేరు చేత్తో రాయాల్సిందే. టోకెన్ల లాంటివి, అంటే ఫలితాన్ని మార్చకుండా పని జరగడానికి మాత్రమే కావాల్సినవి, పాస్‌త్రూఎన్వ్‌లో పెట్టండి. ఎన్వ్‌లో పెడితే టోకెన్ మారినప్పుడల్లా క్యాష్ మిస్సే.

టాస్క్ ఏ ఫైళ్లు తయారుచేస్తుందో అవుట్‌పుట్స్ కింద రాయకపోతే లాగ్ తప్ప ఇంకేదీ క్యాష్ కాదు. సొంత మెషీన్‌లో పాత డిస్ట్ ఉంటుంది కనుక తెలియదు, ఖాళీ సీఐ మెషీన్‌లో హిట్ వచ్చి ఫోల్డర్ రాకపోతే తెలుస్తుంది. నెక్స్ట్.జేఎస్ యాప్‌కు ".నెక్స్ట్/**"తో పాటు, క్యాష్ ఫోల్డర్‌ను వదిలేయమనే "!.నెక్స్ట్/క్యాష్/**" కూడా ఉండాలి.

2.1లో వచ్చిన --అఫెక్టెడ్ నాకు నచ్చింది. మెయిన్‌తో పోల్చి, మారిన ప్యాకేజీలనూ వాటి మీద ఆధారపడ్డవాటినీ మాత్రమే నడుపుతుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెక్అవుట్ డిఫాల్ట్‌గా ఒక్క కమిట్‌నే తెస్తుంది, పోల్చడానికి చరిత్ర దొరక్క టర్బో అన్నీ మారినట్టే లెక్కేస్తుంది. ఫెచ్-డెప్త్ 0 పెట్టాక గానీ దీని లాభం కనబడదు.

మాది పీఎన్‌పీఎం వర్క్‌స్పేస్, ఒకదాని మీద ఒకటి ఆధారపడే ప్యాకేజీలు ఎక్కువ, అందుకే ఇంత సణిగినా దీన్ని తీసేయలేదు. రెండు మూడు ప్యాకేజీలే ఉండి బిల్డ్ సెకన్లలో అయిపోయేవాళ్లకు ఈ హ్యాష్ లెక్కలెందుకు? ఎన్‌పీఎం రన్ బిల్డ్‌కు --వర్క్‌స్పేసెస్, --ఇఫ్-ప్రెజెంట్ తగిలిస్తే చాలు, బిల్డ్ స్క్రిప్ట్ లేని ప్యాకేజీని అదే దాటేస్తుంది. స్టేజింగ్, ప్రొడక్షన్ రెండూ ఒకే రిమోట్ క్యాష్ వాడే చోట మాత్రం, డ్రై రన్‌లో .ఎన్వ్ కనబడేదాకా ప్రొడక్షన్ జాబ్‌లో --ఫోర్స్ తీయొద్దు.