రిఫరీ పడిపోయినప్పుడల్లా మా తాత గుర్తొస్తడు: 23 ఏండ్లు డబ్ల్యూడబ్ల్యూఈ చూసినంక నా సమీక్ష

ఈ అమెరికా కుస్తీ షో చూసుడు 2003లో మొదలుపెట్టిన. అప్పుడు నాకు పదకొండేండ్లు, మాది మక్తల్ దిక్కు పల్లె. బొంబాయి పనికి పోయిన మా నాయిన దసరాకు వస్తూ కలర్ టీవీ తెచ్చిండు. పక్కింటి దాకా వచ్చి ఆగిన కేబుల్ వైరు మా ఇంటికీ గుంజిచ్చినం. అట్ల టెన్ స్పోర్ట్స్ మా ఇంట్లకు వచ్చింది. అప్పటి సంది కరెంటు కోతలు, పరీక్షలు, మహబూబ్‌నగర్‌కు మకాం మారుడు, పెండ్లి, ఇద్దరు పిల్లలు, ఎన్ని మారినా ఈ చూసుడు మాత్రం ఆగలేదు. ఇన్నేండ్లు దగ్గర పెట్టుకున్న దాంట్లో మంచీ చెడూ రెండూ తెలుస్తయి. మంచి గురించి చెప్పేటోళ్లు చానామంది ఉన్నరు. నేను నా కడుపు మండిచ్చేవి చెప్త.

మొదటిది రిఫరీ పడిపోవుడు.

మా తాత జవానీల తాలీంకు పోయిన మనిషి. జాతర కుస్తీలల్ల ఎర్రమన్ను పూసుకొని దిగినోడు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా, నా పక్కన నులకమంచం మీద కూసొని రెండు మ్యాచులు చూసేసరికే లెక్క పట్టేసిండు: రెండు భుజాలు కిందికి ఆనాలె, రిఫరీ మూడుసార్లు చెయ్యి కొట్టాలె. "మన చిత్తు అసొంటిదే రా" అన్నడు. ఆయనకు అది బాగా నచ్చింది.

ఒకరోజు మ్యాచు మంచి పట్టు మీదున్నది. ఒకడు ఇంకొకణ్ణి తోస్తే వాడు పోయి రిఫరీ మీద పడ్డడు, రిఫరీ మూలకు పడిపోయిండు. అప్పుడే మొదటోడు తన అసలు దెబ్బ కొట్టి, మీద పండుకొని కాలు గుంజి పట్టిండు. జనం లెక్కవెడుతున్నరు. ఐదు దాటింది, ఏడు దాటింది, రిఫరీ లేస్తలేడు. మా తాత మంచం పట్టె మీద అరచెయ్యి కొట్టుకుంట "ఒకటి, రెండు, మూడు! అయిపాయె, గెలిచిండు! లెక్కవెట్టేటోడు యాడ పండుకున్నడు?" అని లేచి నిలబడ్డడు. అంతల వెనక నుంచి మూడోవాడెవడో ఉరికొచ్చి, గెలిచినోని వీపు మీద కుర్చీతోటి కొట్టిండు. ఓడిపోయినోడు మెల్లగ చెయ్యి తెచ్చి మీద ఏసిండు. రిఫరీ సరిగ్గ అప్పుడే పాకుకుంట వచ్చి మూడు కొట్టిండు. తాత ఏం మాట్లాడలే. బీడీ కట్ట తీసుకొని అరుగు మీదికి పోయిండు. రెండు వారాలు టీవీ ముందుకు రాలే.

ఎందుకట్ల రాస్తరో నాకు పెద్దయినంక అర్థమైంది. ఇద్దరిలో ఎవని పేరూ తగ్గొద్దు, ఓడినోడు "నన్ను మోసం చేసిన్రు" అని వచ్చే నెల మళ్ల అడగడానికి దారి ఉండాలె. అర్థమైనా కోపం పోలే. ఫలితం ముందే రాసుకుంటరని తెలిసే చూస్తున్న, దాంతోటి నాకేం పేచీ లేదు. కని మూడు లెక్కవెడితే గెలుపు అని నియమం పెట్టింది వాళ్లే. ఆ నియమాన్ని వాళ్లే లెక్కచెయ్యకుంటే ఇరవై నిమిషాలు కండ్లు తిప్పకుండ చూసినోనికి ఏం మిగిలినట్టు? జాతరల కుస్తీ పట్టేటప్పుడు లెక్క చూసే పెద్దమనిషి పండుకుంటే ఊరు ఊరుకుంటదా?

దీని తోబుట్టువే పాట మోగుడు. మ్యాచు నడుస్తుంటది, పగోడు రింగు కాడికి వచ్చేటప్పుడు వేసే పాట మోగుతది. రింగులున్నోడు ప్రత్యర్థిని వదిలిపెట్టి దారి దిక్కు తిరిగి నిలబడ్తడు. వెనకున్నోడు చుట్టబెట్టి మూడు కొట్టిస్తడు. పదేండ్ల అనుభవమున్న మల్లయోధుడు పాట వినంగనే వీపు తిప్పుతడా? ఇదే ముగింపు నేను ఎన్నిసార్లు చూసిన్నో లెక్కలేదు. ఇంకోటి, నియమం తప్పి డిస్‌క్వాలిఫై అయినా, పది లెక్కలోపల రింగులకు రాక ఓడినా ఛాంపియన్ బెల్టు చేయి మారదు. అందుకే బెల్టున్నోడు కావాలనే కుర్చీ తీసుకొని కొట్టి, ఓడిపోయి, బెల్టు భుజం మీదేసుకొని ఇంటికి పోతడు. నియమం నియమమే, కాదనను. కని నెలకు డబ్బులు కట్టి చూసేటోనికి తీర్పు ఇయ్యకుండ పంపుడు మర్యాద కాదు.

బయటోళ్లు అడ్డమొచ్చుడు ప్రతిసారీ తప్పే అని కూడ అనను. రోమన్ రెయిన్స్ 1,316 రోజులు బెల్టు పట్టుకున్నడు, అందుల సగం గెలుపులు తమ్ముళ్లు వచ్చి చేసిన సాయమే. 2024 ఏప్రిల్‌ల వాళ్ల పెద్ద షో రెజిల్‌మేనియా 40ల కోడీ రోడ్స్ ఆయన్ని ఓడించిన రాత్రి ఒకరి వెనక ఒకరు ఉరికొచ్చిన్రు, ఆఖరుకు అండర్‌టేకర్ కూడ వచ్చి, రెయిన్స్ దిక్కున్న రాక్‌ను చోక్‌స్లామ్ చేసిండు, అంటే గొంతు పట్టి ఎత్తి కింద కొట్టిండు. నాకు ఒక్కడు కూడ అడ్డమనిపియ్యలే. ఎందుకంటే అది మూడేండ్ల బాకీ, ఆ రోజు తీరింది. ఏ బాకీ లేకుండ మామూలు మంగళవారం మ్యాచుల అదే పని చేస్తేనే నాకు మండేది.

ఇగ "అంతా ఫేక్ కదా అన్నా" అనేటోళ్లు. బస్టాండు కాడ చాయ్ హోటల్ల ఫోన్‌ల చూస్తుంటే చాలు, పక్కనోడు తొంగి చూసి ఇదే అంటడు, నాకు తెలియని సంగతి చెప్పినట్టు. 1989లనే అప్పటి యజమాని విన్స్ మెక్‌మాన్ కంపెనీ న్యూజెర్సీ రాష్ట్రంల ఇది క్రీడ కాదు, వినోదమని ఒప్పుకున్నది. క్రీడల కమిషన్ పన్నులు, తనిఖీలు తప్పించుకునేదానికి వాళ్లే చెప్పిన మాట అది. నేను పుట్టకముందే తేలిపోయిన ముచ్చట. కని ఫలితం రాసుకుంటే దెబ్బ రాసుకున్నట్టు కాదు. 1998 జూన్‌ల మిక్ ఫోలీ రింగు చుట్టు కట్టిన పదహారు అడుగుల పంజరం మీద నుంచి కామెంటేటర్ల టేబుల్ మీద పడ్డడు. స్ట్రెచర్ మీద తీసుకపోతుంటే లేచొచ్చి మళ్ల పైకెక్కిండు. 2001ల ట్రిపుల్ హెచ్ తొడ కండరం తెగినా మ్యాచు పూర్తి చేసిండు. 1999 మే 23న ఓవెన్ హార్ట్ పైకప్పు కాడి నుంచి రింగులకు దిగబోయి జారిపడి సచ్చిపోయిండు. ఆయన పిల్లలకు పోయి ఫేక్ అని చెప్పగలమా?

మా చిన్నాయిన కొడుకు గడ్డివాము మీద నాతోటి చోక్‌స్లామ్ ఆట ఆడి, వాము అంచు దాటి పడి జబ్బ ఎముక ఇరగ్గొట్టుకున్నడు. నేనే ఎత్తిన. ఆ ఏడు వాడు బడికి రెండు నెలలు పోలే, మా చిన్నమ్మ నాతోటి ఏడాది మాట్లాడలే. "ఇంట్ల చెయ్యొద్దు" అని టీవీల ప్రతిసారీ వేస్తరు, అది ఇంగ్లీషుల వస్తది. ఇప్పుడు నా కొడుక్కు పదేండ్లు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆపి, తెలుగుల నేనే చెప్త, వాళ్ల బాబాయి భుజం చూపిచ్చి మరీ.

ఇగ నా మనసులున్న పెద్ద బాధకు వస్త. మన దేశపోళ్లను వాడుకునే తీరు.

చిన్నప్పుడు మా దగ్గర ఈ మల్లయోధుల బొమ్మలున్న ట్రంప్ కార్డులు ఉండేవి. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ రాసి ఉండేటియి. జాతరల కొన్న కట్ట, అంచులు నలిగి మెత్తబడ్డా పారేయలే. ఒకడు ఎత్తు చెప్తే ఎక్కువ ఎత్తున్న కార్డు గుంజుకుంటది. అందుల మనోడు ఒక్కడు ఉంటే బాగుండనిపిచ్చేది. 2006 ఏప్రిల్‌ల గ్రేట్ ఖలీ వచ్చి అండర్‌టేకర్ మీద పడ్డడు. హిమాచల్ మనిషి, ఏడడుగుల ఒక అంగుళం. మా వాడకట్టుల పిల్లలందరం ఉరుకులాడినం. 2007 జులైల ఛాంపియన్ అయినప్పుడు తాతను పిలిచి చూపిచ్చిన. తాత చానాసేపు చూసి "ఎత్తున్నది రా. పట్టు నేర్పియ్యలే. ఈనె మోకాళ్లు సూడు, నొప్పులున్నయి. మంచిగ నేర్పితే పహిల్వాన్ అవుతుండె" అన్నడు. ఆ మాట ఇప్పటికీ నిజమే అనిపిస్తది. మనిషిని మనిషిలెక్క కాకుండ ఎత్తులెక్క చూపిచ్చిన్రు.

2017 మేల జిందర్ మహల్ రాండీ ఆర్టన్‌ను ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయిండు. పంజాబీ మూలాలున్న కెనడా మనిషి. 170 రోజులు ఉన్నడు, కని ఆయన వెంట తిరిగే సింగ్ బ్రదర్స్ అడ్డమొచ్చుడు తోటే ఆ గెలుపులల్ల ఎక్కువ భాగం నడిచింది. నవంబర్‌ల బెల్టు పోయింది. డిసెంబర్‌ల ఢిల్లీకి తీసుకొచ్చి, మన జనం ముందటనే ట్రిపుల్ హెచ్ చేతిల ఓడిచ్చిన్రు. ఎవరి ఊర్ల వాళ్లను గెలిపిస్తే జనం రెట్టింపు ఉత్సాహంతోటి వస్తరని ఈ వ్యాపారంల ఉన్నోళ్లకు తెలువదా?

2023 సెప్టెంబర్ 8, శుక్రవారం. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంల సూపర్‌స్టార్ స్పెక్టకిల్ అనే డబ్ల్యూడబ్ల్యూఈ షో. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగ పొద్దుగాలనే బస్సెక్కిన. మనోడు శాంకీ గుంతర్ చేతిల ఓడిండు. మనోళ్లే వీర్, సంగా జంట కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ చేతిల ఓడింది. హాలంత కూసొని చప్పట్లు కొట్టింది మన జనమే. ఒక్క గెలుపన్నా ఇయ్యాలె కద! శాంకీ పడిపోయినప్పుడు నా పక్కన కూసున్న ముసలాయన "మనోళ్లను ఓడియ్యనీకే ఇంత దూరం వచ్చిన్రా" అన్నడు. నాకు గొంతుల ముద్ద దిగలే.

జాన్ సీనా వచ్చినప్పుడు మాత్రం హాలు కూలినట్టయింది. ఆ నిమిషం కోసం ఇరవై ఏండ్లు ఎదురుచూసిన. కని ముందటి నాలుగు వరుసలోళ్లు ఫోన్లు పైకెత్తిన్రు. సీనా నడుసుకుంట వచ్చిందంత నేను ఒకాయన ఫోన్ తెరల చూసిన, వేలు అంత మనిషిని. రికార్డు చేసుకోండి, కాదనను. నెత్తి మీదికి ఎత్తకుండ ఛాతీ కాడ పట్టుకోండి. వెనకోడు కూడ టికెట్ కొన్నడు.

వాడకం సంగతి కొంచెం చెప్త. 2025 ఏప్రిల్ సంది మన దగ్గర సోనీల పోయి నెట్‌ఫ్లిక్స్‌ల వస్తున్నది. నెలకు 149 ప్లాన్ ఫోన్, ట్యాబ్ వరకే, టీవీల చూడాలంటే 199 కట్టాలె. ప్రకటనలు లేవు, అది పెద్ద సుఖం. వారం వారం వచ్చే 'రా' షో మనకు మంగళవారం పొద్దుగాల ఐదున్నరకు, చలికాలంల ఆరున్నరకు. డ్యూటీకి పోయేటోళ్లు సాయంత్రం దాక ఆగాలె. ఈలోపల వాట్సాప్ గ్రూపుల ఎవడో ఒకడు ఫలితం పెట్టేస్తడు. మా గ్రూపుల మంగళవారం రాత్రి తొమ్మిది దాక ఫలితం పెట్టొద్దని కట్టుబాటు చేసుకున్నం, ఇద్దరిని తీసేసినం కూడ.

కనపడని ఛాంపియన్ గురించి కూడ ఒక మాట. బ్రాక్ లెస్నర్ 2017 ఏప్రిల్ సంది 504 రోజులు బెల్టు పెట్టుకొని, వారాల తరబడి షోల కనపడలే. 2014ల, రెజిల్‌మేనియాలల్ల అండర్‌టేకర్ 21 గెలుపుల వరుస తెంపింది ఆయనే. అది నాకు బాధయినా ఒప్పుకున్న, అంతటోడే తెంపాలె. కని బెల్టు ఇంట్ల పెట్టుకునుడు వేరే.

2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌ల సీనా ఆఖరి మ్యాచు. మనకు ఆదివారం పొద్దుగాల. గచ్చిబౌలిల ఒకే రాత్రి చూసిన ఆ ఇద్దరే, సీనా, గుంతర్. నా కొడుకు దుప్పటి కప్పుకొని నా పక్కన కూసున్నడు. గుంతర్ మెడ పట్టిండు. సీనా విడిపించుకున్నడు, మళ్ల దొరికిండు. ఎన్నటికీ లొంగనని బట్టల మీద రాసుకొని తిరిగిన మనిషి, ఒక చిన్న నవ్వు నవ్వి, చెయ్యి తట్టి లొంగిండు. ఆ హాలు జనం కోపంతోటి అరిచిన్రు. ఆ ఫలితం నచ్చక మా గ్రూపుల వారం రోజులు కొట్లాట.

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, కని కోపం రాలే. రిఫరీ నిలబడే ఉన్నడు. పాట మోగలే. కుర్చీ పట్టుకొని ఎవడూ ఉరికి రాలే. రింగు నడుమ ఇద్దరే ఉన్నరు, ఒకడు పట్టిండు, ఒకడు లొంగిండు.

"డాడీ, సీనా ఓడిండా?" అని అడిగిండు నా కొడుకు.

"ఓడిండు బిడ్డా" అన్న. వాడు సోఫా చెక్క మీద అరచెయ్యి మూడుసార్లు కొట్టిండు, మా తాత మంచం పట్టె మీద కొట్టినట్టే.