చుక్కలు వేసి చూసే పరీక్షా, చుక్కలు లేని రెటీనా ఫోటోనా? షుగరు, బీపీ ఉన్నవారికి ఏది మేలు?

కళ్లద్దాల దుకాణంలో అక్షరాల పట్టికను చివరి వరుస దాకా చదివి, పవర్ మారలేదనిపించుకొని వచ్చిన షుగరు రోగి తనకు కంటి పరీక్ష అయిపోయిందనే అనుకుంటాడు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలై, 2023 జనవరిలో రెండో విడత జరుపుకున్న కంటి వెలుగు శిబిరాలు ఎందరికో చూపును సరిచేసి అద్దాలు ఇచ్చాయి. కాని, ఆ అద్దాలు చేతికి వచ్చినంత మాత్రాన కంటి లోపలి రక్తనాళాలు బాగున్నట్టు కాదు. షుగరు వల్ల రెటీనా, అంటే కంటి వెనక గోడకు ఉండి వెలుగును పట్టే పొర, దెబ్బతినే తొలి దశలలో చూపు 6/6గానే, అంటే మామూలుగానే, ఉండవచ్చు. ఒక్క సందర్భంలో మాత్రం పవర్ పరీక్ష ఒంటి సంగతి కూడా చెబుతుంది: కొద్ది వారాల తేడాలోనే పవర్ అటూ ఇటూ మారుతూ ఉంటే, రక్తంలో చక్కెర హెచ్చుతగ్గుల వల్ల కంటి కటకం ఉబ్బడం, తగ్గడం అందుకు కారణం కావచ్చు. అప్పుడు ముందు షుగరును అదుపులోకి తెచ్చుకొని, కొన్నాళ్లాగి అద్దాలు చేయించుకోవడం మంచిది; లేకపోతే రెండుసార్లు ఖర్చు.

శరీరంలో కోత పెట్టకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు రెటీనా. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరమైన ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించిన నాటి నుంచి వైద్యులు ఆ కిటికీలో నుంచి ఒంటిని చదువుతూనే ఉన్నారు. షుగరు అక్కడ సన్నని ఎర్ర చుక్కలుగా, చిన్న రక్తస్రావాలుగా, పసుపు పచ్చని కొవ్వు మచ్చలుగా కనిపిస్తుంది. చాలాకాలంగా అదుపు తప్పిన బీపీ ధమనులను సన్నబరచి, అవి సిరలను దాటే చోట ఆ సిరలను నొక్కినట్టు చూపుతుంది. మెడలోని ధమని నుంచి ఊడివచ్చిన కొలెస్ట్రాల్ ముక్క రెటీనా నాళంలో చిక్కుకొని మెరుస్తూ కనబడితే, అది పక్షవాతం ముప్పుకు ముందస్తు సూచన. రెండు కళ్లలోనూ దృష్టినాడి మొదలు ఉబ్బి ఉంటే, మెదడులో ఒత్తిడి పెరిగిందా, బీపీ ప్రమాదకర స్థాయికి చేరిందా అన్నది ఆ రోజే తేల్చవలసి ఉంటుంది.

వీటన్నింటినీ చూడడానికి రెండు దారులున్నాయి. చుక్కల మందు వేసి, ఇరవై ముప్పై నిమిషాలు ఆగి, కంటిపాప విప్పారిన తరువాత వైద్యుడు చూసే పరీక్షలో రెటీనా అంచుల దాకా, లోతు తెలిసేలా కనిపిస్తుంది. ఇందులో ఇబ్బంది రోగికే: నాలుగైదు గంటల పాటు దగ్గరి చూపు మసకబారుతుంది, ఎండ భరించలేము, బండి నడపకూడదు, ఇంటి నుంచి ఒకరు తోడు రావాలి. కంటి ముందు గది, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర వెనకనున్న ఖాళీ, ఇరుకుగా ఉన్నవారికి చుక్కల వల్ల కంటి లోపలి ఒత్తిడి హఠాత్తుగా పెరగవచ్చు కనుక వైద్యుడు ముందే ఆ సంగతి చూసుకుంటాడు. రెండో దారి రెటీనా ఫోటో; ఇందులో చుక్కలే అక్కరలేదు. షుగరు వైద్యుడి క్లినిక్కులోనే సాంకేతిక సిబ్బంది కొద్ది నిమిషాలలో ఫోటో తీయగలరు. నిరుటి ఫోటో పక్కన పెట్టి పోల్చుకోవచ్చు, దూరాన ఉన్న నిపుణుడికి పంపవచ్చు. వైద్యుడు చేత్తో వేసిన బొమ్మ కంటె ఫోటో మెరుగైన సాక్ష్యమని నా అభిప్రాయం. అయితే ఈ ఫోటోలు తీసే మామూలు ఫండస్ కెమెరా ఒక్క ఫోటోలో దాదాపు 45 డిగ్రీల మేర మాత్రమే చూపుతుంది. శుక్లం ముదిరినా, వయసు వల్ల కంటిపాప చిన్నదైనా ఫోటో మసకగా వస్తుంది. మసక ఫోటో వచ్చిందంటే పరీక్ష జరగనట్టే లెక్క, బాగున్నట్టు లెక్క కాదు.

ఈ ఫోటోలను కృత్రిమ మేధ చదవడం కూడా మొదలైంది. షుగరు వల్ల వచ్చే రెటీనా జబ్బును వైద్యుడి ప్రమేయం లేకుండా గుర్తించే వ్యవస్థకు అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2018 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. అదే ఏడు గూగుల్ పరిశోధకులు రెటీనా ఫోటో నుంచి మనిషి వయసును, పొగతాగే అలవాటును, గుండె జబ్బు ముప్పును అంచనా వేయవచ్చని చూపారు. శాస్త్రంగా అది అబ్బురమే. కాని సిగరెట్టు తాగుతున్నదీ లేనిదీ మనిషిని అడిగితే చెబుతాడు. బీపీకి చేతికి చుట్టే పట్టీ, షుగరుకు గత రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్‌కు రక్త పరీక్ష కంటి ఫోటో కంటె చౌక, కచ్చితం కూడా. జబ్బు ఉన్నదా అన్న ప్రశ్నకు కాక, ఉన్న జబ్బు నాళాలను ఎంతవరకు తిన్నదన్న ప్రశ్నకే కంటిని అడగాలి.

ఆ లెక్కన టైప్ 2 షుగరు బయటపడిన వెంటనే ఒకసారి చుక్కలు వేయించుకొని పూర్తి పరీక్ష చేయించుకోవడమే మేలు. ఎందుకంటే అది బయటపడేనాటికే లోపల కొన్నేళ్లుగా ఉండి ఉండవచ్చు. టైప్ 1 వారికి షుగరు బయటపడిన ఐదేళ్లలోపు మొదటి పరీక్ష సరిపోతుంది. తొలి పరీక్షలో అంతా శుభ్రంగా ఉన్నవారు ఆ తరువాత ఏటా స్పష్టమైన ఫోటోతో సరిపెట్టుకోవచ్చు. చుక్కలకు జంకి అసలే వెళ్లకపోవడం కంటె ఫోటో వెయ్యి రెట్లు నయం. షుగరు ఉండి గర్భం దాల్చిన స్త్రీలు మాత్రం మొదటి మూడు నెలలలోనే చుక్కల పరీక్షకు వెళ్లాలి, ఎందుకంటే గర్భంతో రెటీనా జబ్బు వేగం పుంజుకోగలదు. కీళ్లవాతానికో, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బుకో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందును ఏళ్ల తరబడి వాడేవారికి ఈ రెండూ చాలవు, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్, చూపు ఎంత మేర విస్తరించిందో కొలిచే విజువల్ ఫీల్డ్ పరీక్ష కావాలి. ఉన్నట్టుండి కళ్ల ముందు నల్లని చుక్కలు రాలుతున్నట్టుగానో, ఒక పక్కన తెర దిగుతున్నట్టుగానో అనిపిస్తే ఏడాది ఫోటో వంతు వచ్చేదాకా ఆగకుండా, ఆ రోజే చుక్కలు వేయించుకొని చూపించుకోవాలి.