నాలుగు రోమన్ బంతులు, ఈకలు లేని పగానికా

ప్రాచీన రోమన్లు ఆడిన బంతులకు నమూనాలంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నాలుగు తోలు బంతుల పెట్టెను 3,200 రూపాయలకు తెప్పించుకొని, నెల రోజులు ఆడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. తోలు మంచిది, కుట్టు గట్టిది. ఆ రెండింటికీ వంక పెట్టలేను.

నాలుగింటిలోనూ మేలైనది ట్రైగాన్ బంతి. ముగ్గురు త్రిభుజం మూలల్లో నిలబడి చకచకా విసురుకొనే ఆట ఇది. ఎడమ చేత్తోనూ బంతిని కొట్టగలగడమే ఇందులో నేర్పుకు గుర్తని క్రీ.శ. 1వ శతాబ్ది కవి మార్షియల్ మాటలను బట్టి తెలుస్తుంది. మా అబ్బాయి, మేనకోడలు, నేను డాబా మీద పది నిమిషాలు ఆడేసరికి భుజాలూ నడుమూ పట్టేశాయి. చిన్న బంతి ఆట ఒళ్లంతటికీ వ్యాయామమనీ, వేటకు కావలసిన వలలూ కుక్కలూ గుర్రాలూ దీనికి అక్కరలేదు గనుక పేదవాడికి కూడా అందుతుందనీ వైద్యుడు గాలెన్ 2వ శతాబ్దిలో ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. మూడు వేలు పోసి కొన్నవాడిని గనుక ఆ చివరి మాట నాకు కాస్త గుచ్చుకుంది.

అసలు లోపం పగానికాలో ఉంది. ఈకలు దట్టంగా కూరిన ఈ బంతి, గాలి నింపిన ఫోలిస్ కన్నా బిగువుగా, చిన్న బంతి కన్నా వదులుగా ఉంటుందని మార్షియల్ స్పష్టంగా చెప్పాడు. ఈ పెట్టెలోని పగానికాలో మాత్రం కూరినది స్పాంజి. పట్టుకుంటే మెత్తగా అణిగి, నేలకు కొడితే పిల్లల ఆటబొమ్మలా ఎగురుతుంది. ఫోలిస్ లోపల రబ్బరు తిత్తి పెట్టారు; రోమన్లకు రబ్బరు తెలియకపోయినా, గాలి బంతి గాలి బంతిగానే ఉంది కాబట్టి దాన్ని క్షమించవచ్చు. లాక్కొని ఆడే హర్పాస్టమ్ చిన్నగా, గట్టిగా, బాగానే ఉంది.

జతచేసిన చిన్న పుస్తకం మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. ఏథెన్స్ మ్యూజియంలోని క్రీ.పూ. 4వ శతాబ్ది సమాధి శిల్పంలో తొడ మీద బంతి నిలిపిన యువకుణ్ణి చూపించి, గ్రీకుల ఎపిస్కైరోస్ అనే జట్టు బంతి ఆట అంటే ఫుట్‌బాలే అని తేల్చేసింది. ఆ ఆటను వర్ణించిన ప్రాచీన గ్రీకు పండితుడు పొలక్స్ చెప్పినది వేరు: మైదానం మధ్య రాతిముక్కలతో గీసిన గీత, రెండు జట్ల వెనుక చెరొక గీత, అవతలి జట్టును దాని వెనుక గీత దాటేదాకా తరుముతూ బంతి విసరడం. కాళ్లతో తన్నే ప్రస్తావన అందులో లేదు.

అయిదుకు మూడు ఇస్తున్నాను. ఈకలు కూరిన పగానికాను విడిగా అమ్మితే మళ్లీ కొంటాను.