ఆటోనగర్‌లో ప్రెషర్ పంపు రిపేర్: పని బాగుంది, ఫోన్ మాత్రం ఎత్తరు

విజయవాడ పక్కన కానూరులో మాకు చిన్న సెల్ఫ్ కార్ వాష్ ఉందండి, క్యూఆర్ స్కాన్ చేసి డబ్బులు కొడితే మోటార్ ఆన్ అవుద్ది, కస్టమరే గన్ పట్టుకుని కడుక్కుంటాడు. వినడానికి బానే ఉంటది గానీ రోజూ ఏదో ఒకటి పోద్ది, ప్రెషర్ రాదు, షాంపూ రాదు, డబ్బులు కట్ అయినోడేమో మన మీదకొస్తాడు. మెషిన్ అమ్మినోళ్ళనడిగితే ఎప్పుడూ ఒకటే పాట, సీల్ కిట్ (పంపులో నీళ్ళు కారకుండా ఆపే రింగుల సెట్టు) మార్చండి అని. మార్చేది, మళ్ళీ కారేది.

చివరికి ఆటోనగర్‌లో ఈ షాపుకి పట్టుకెళ్ళాం. అక్కడి మెకానిక్ స్పానర్ పట్టుకోకముందే పంపులో ఆయిల్ కనపడే చిన్న అద్దం చూశారు, ఆయిల్ మజ్జిగలా తెల్లగా అయిపోయింది, అంటే నీళ్ళు లోపలికి దిగాయన్నమాట. తర్వాత పంపులో ముందుకీ వెనక్కీ ఆడుతూ నీళ్ళు నెట్టే కడ్డీలు, అదే మూడు ప్లంజర్లూ తీసి ఒకదాని మీద నా గోరు పెట్టించారు, సన్నటి గీతలు తగుల్తున్నాయి. ఇవి ఉన్నంతకాలం ఎన్ని కొత్త సీల్స్ వేసినా కోసేస్తాయండి అన్నారు. గీతలెక్కడివంటే ఫిల్టర్ జాలీ చిరిగి బోరు నీళ్ళతో పాటు ఇసుక లాగేసింది!

ఇంకో సంగతి, మా దగ్గర టైమర్ కదా, కస్టమర్ గన్ వదిలేసి గుడ్డతో రుద్దుకుంటుంటే మోటార్ మాత్రం తిరుగుతానే ఉంటది, అప్పుడు బైపాస్‌లో, అంటే గన్ మూసినప్పుడు నీళ్ళు వెనక్కి మళ్ళే పైపులో, అవే నీళ్ళు పంపులోకే తిరిగొచ్చి వేడెక్కి సీల్స్ పాడవుతాయంట. ఆ పైపు తీసి ట్యాంకులోకి పెట్టుకోమన్నారు, పైసా తీసుకోలేదు ఆ సలహాకి. గన్ చివరుండే నాజిల్ అరిగి ప్రెషర్ తగ్గితే అన్‌లోడర్ వాల్వ్ (నీళ్ళని బైపాస్‌కి మళ్ళించి ప్రెషర్ అదుపులో ఉంచేది) బిగించొద్దు, నాజిలే మార్చండి అని కూడా చెప్పారు. మా కుర్రాడు ఎప్పుడూ చేసేది బిగించడమే మరి.

ఇక తిట్టాల్సినవి. ఫోన్ ఎత్తరు. రేపిస్తా అంటే ఎల్లుండి అని అర్థం. అడక్కపోతే బిల్లు లేదు. ఆదివారం మాకు బండ్లు ఎక్కువ, ఆ రోజే వీళ్ళ షట్టర్ డౌన్. క్యూఆర్ బోర్డు, టైమర్ లాంటివి ముట్టుకోరు, మా పని కాదండి అని మొహం మీదే చెప్పేస్తారు, అది నాకు నచ్చింది, తెలీకుండా కెలికేసేవాళ్ళకంటే నయం.

నాలుగు స్టార్లు. వెళ్ళేవాళ్ళు పంపు ఒక్కటే కాదు, గన్నూ హోసూ కూడా తీసుకెళ్ళండి, బిగించి ప్రెషర్ చూపించాకే డబ్బులు తీసుకుంటారు.