అయిదు నిమిషాల ముఖానికి ఏ పెన్సిల్ మేలు: 2బీనా, 6బీనా?

ముఖాలు గీస్తానని తెలిసిన దగ్గర్నుంచి నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. బి ముందున్న అంకె పెరిగేకొద్దీ పెన్సిల్ మెత్తగా ఉంటుంది, గీత నల్లగా పడుతుంది. తీరిగ్గా గంటసేపు కూర్చుని వేసే బొమ్మకైతే రెండూ కావాలి. కానీ ఎదుటి మనిషి ఎప్పుడు తల తిప్పేస్తారో తెలియనప్పుడు పెన్సిళ్లు మార్చుకునే తీరిక ఉండదు.

6బి కంటే 2బి లెడ్‌లో బంకమట్టి పాలు ఎక్కువ, అందుకే మొన తొందరగా అరగదు. తల ఆకారం, కళ్ల గీత, ముక్కు వాలు పల్చగా వేసుకుని, తప్పయితే శుభ్రంగా చెరిపేయొచ్చు. చిక్కల్లా నీడ దగ్గరే. కనుబొమ కింద గుంట నల్లబడాలంటే అక్కడే మూడు నాలుగుసార్లు రుద్దాలి. ఒక హద్దు దాటాక ఎంత రుద్దినా మెరుపు వస్తుంది గానీ నలుపు రాదు. ఈలోపు ఆ తల తిరిగిపోతుంది.

నా మటుకు తేల్చేది ఈ నీడే. పోలికంతా కళ్లలోనే ఉందనుకుంటాం. కానీ కాస్త దూరం నుంచి కూడా తెలిసినవాళ్లను గుర్తుపడతామంటే, కనిపించేది కనుగుంటల్లో, ముక్కు కింద, గడ్డం కింద పడే నీడల ఆకారమే. మొన్న రైల్లో కిటికీ పక్కన కునుకు తీస్తున్న ఒక పెద్దాయనను గీశాను. 6బిని బాగా వాల్చి, లెడ్ పక్కభాగంతో రెండు కనుగుంటలు, ముక్కు కింద చిన్న మచ్చ, దవడ కింద వెడల్పాటి పట్టీ లాగాను. రెప్పల గీతలు ఇంకా పెట్టనేలేదు, అప్పటికే ఆయన పేజీ మీదికి వచ్చేశారు.

6బితో ఇబ్బందులు లేకపోలేదు. మొన ఇట్టే మొద్దుబారుతుంది, చెరిపినా మరక మిగులుతుంది, పుస్తకం మూస్తే ఎదురు పేజీకి అంటుతుంది. అందుకే కత్తితో చెక్కి లెడ్‌ను ఒక సెంటీమీటరు దాకా బయటికి ఉంచుతాను, పేజీల మధ్య బటర్ పేపర్ పెడతాను. కాగితం కాస్త గరుకుగా ఉండాలి. మరీ నున్నగా ఉంటే నీడ సరిగా పట్టదు.

మెకానికల్ పెన్సిల్ సంగతీ అడుగుతుంటారు. 0.5 మిల్లీమీటర్ల లెడ్‌ను వాల్చి నీడ వేయలేం కాబట్టి ఈ పనికి వద్దు. చార్‌కోల్ పెన్సిల్ ఇంకా ఎక్కువ రాలుతుంది.

కళ్లు తల ఎత్తులో దాదాపు సగం దగ్గర ఉంటాయన్న కొలత చేతికి అలవాటయ్యేదాకా 2బితోనే గీయండి, చెరుపుకోవడం తేలిక. నా సంచిలో మాత్రం ఇప్పుడు 6బిలు రెండున్నాయి. 2బి ఇంట్లో బల్ల మీద ఉంది.